చేప పాడైతే చెప్పే నీలి ముక్క

మా కాకినాడలో మొప్ప ఎత్తి చూడకుండా చేపకు డబ్బులిచ్చేవాళ్లు తక్కువ. అదే చేపను కోయించి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేశాక చూద్దామంటే మొప్పా ఉండదు, కన్నూ ఉండదు. చేప పాడైందో లేదో చెప్పే ఆ పనిని శంఖుపూల రంగు కలిపిన పిండి ఫిల్మ్‌తో, అంటే పలచటి పొరతో, చేయించొచ్చు. నేను కెమిస్ట్రీ చెప్పే పిల్లలతో ఏటా చేయిస్తాను.

గుప్పెడు నీలి శంఖుపూల రేకుల్ని అర గ్లాసు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి వడకట్టండి. ఫిల్టర్ నీళ్లే వాడండి. క్షారం ఎక్కువున్న బోరు నీళ్లయితే రంగు మొదట్లోనే ఆకుపచ్చకు తిరుగుతుంది.

రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్, అంటే సుమారు 5 గ్రాములు, 80 మి.లీ. చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ అర టీస్పూన్‌కు కాస్త తక్కువగా వేయండి. అది లేకపోతే ఫిల్మ్ అప్పడంలా విరుగుతుంది, ఎక్కువైతే ఎండినా జిగురు పోదు. సన్నసెగ మీద గరిట ఆపకుండా తిప్పుతుంటే ఉన్నట్టుండి చిక్కబడి, తెలుపు పోయి తేటపడుతుంది. అప్పుడే దించాలి. కాస్త వేడి తగ్గాక, గడ్డకట్టకముందే 20 మి.లీ. పూల రసం కలపండి. వెనిగర్ వేయమని చాలామంది చెబుతారు, ఇక్కడ వద్దు. ఆ పులుపుకు ఫిల్మ్ ముందే ఊదారంగుకు మారిపోతుంది.

ప్లాస్టిక్ మూత మీద పలచగా పోసి, నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. ఎండకు రంగు వెలిసిపోతుంది. ఆరాక ఒలిచి ముక్కలు కోసి, ఒకదాని మీద నిమ్మరసం, ఇంకోదాని మీద వంటసోడా నీళ్లు చుక్క వేసి చూడండి. ఒకటి ఊదా, ఇంకోటి నీలం కలిసిన ఆకుపచ్చ రావాలి.

ముక్కను డబ్బా మూత లోపలివైపు, చేపకు తగలకుండా అంటించండి. చేప పాడవుతుంటే సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియా, సముద్రపు చేపలోనైతే ట్రైమిథైలమీన్ కూడా వెలువడతాయి. ఆ క్షార ఆవిర్లు ఫిల్మ్ తేమలో కరిగి నీలాన్ని ఆకుపచ్చ చేస్తాయి. అందుకే మొదట వంజరం, కానాగంతల లాంటి సముద్రపు చేపలతో చూడండి. పాలగిన్నెకు ఇది పనికిరాదు, పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లం ఆవిరై మూత దాకా రాదు.

ఆకుపచ్చకు తిరిగితే పారేయండి. తిరగలేదని మాత్రం ధీమా పడొద్దు, జబ్బు చేసే క్రిములన్నీ ఈ ఆవిర్లు వదలవు. చేపను నిలవ ఉంచే గుణం కూడా దీనికి లేదు. అందుకు రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ ఫిల్మ్ చూడాలి, అది ల్యాబ్ పని.

వాడేసిన ముక్కను కుండీ మట్టిలో కప్పేయండి. కాస్త లోతుగానే, లేకపోతే నీచు వాసనకు పిల్లులు తవ్వేస్తాయి.