మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదా? ఎక్కడ ఆగుతోందో ఇలా పట్టుకోండి

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టుపక్కల అడ్తి దుకాణాల నుంచి తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర రాసే చీటీలు), లారీ కాగితాలు పొద్దుగూకేలోపు కొనుగోలుదారుకు మెయిల్‌లో అందాలి. ఔట్‌లుక్‌లోనో థండర్‌బర్డ్‌లోనో సెండ్ నొక్కితే మెయిల్ అవుట్‌బాక్స్ దాటదు. కొత్త మెయిళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. అప్పుడు చాలామంది అకౌంట్ తీసేసి మళ్లీ పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. పాప్ పద్ధతిలో పెట్టిన అకౌంటయితే పాత మెయిళ్లు ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి, అకౌంట్ తీసేస్తే అవి కనిపించకుండా పోవచ్చు.

వచ్చే మెయిల్‌కు ఒక సర్వరు, పోయే మెయిల్‌కు ఇంకో సర్వరు. మెయిల్ తెచ్చుకోవడానికి ఐమ్యాప్ అయితే 993, పాప్ అయితే 995 పోర్టు (సర్వరులోకి వెళ్లే దారి నంబరు) వాడతారు. పంపడానికి ఎస్‌ఎంటీపీ, దాని పోర్టులు 587 లేదా 465. అందుకే ఒకటి నడుస్తుంటే రెండోది ఆగిపోవచ్చు. ఏది ఆగిందో తేలేవరకు సెట్టింగ్స్ జోలికి వెళ్లకండి.

ముందు అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, అదే అకౌంట్‌లోకి లాగిన్ అయి, మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. అది పోతే అకౌంట్ బాగానే ఉన్నట్టు. తప్పు మెయిల్ ప్రోగ్రాంలోనో నెట్ లైన్‌లోనో ఉంది. బ్రౌజర్ నుంచీ పోకపోతే అకౌంట్ సంగతే చూడాలి. జీమెయిల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. అది నిండితే పంపడం కూడా ఆగుతుంది. ఒక రోజులో 500 మందికి మించి పంపినా ఆపేస్తారు, 24 గంటల్లోపు దానంతటదే తెరుచుకుంటుంది.

బ్రౌజర్‌లో పోయిందంటే అవుట్‌బాక్స్ చూడండి. ఔట్‌లుక్‌లో సెండ్ రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి ఉంటే ఏదీ కదలదు. అది సరిగ్గానే ఉంటే, వరుసలో ముందున్న మెయిల్‌కు పెద్ద ఫైలు తగిలించి ఉందేమో చూడండి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ. కానీ మెయిల్‌లో ఫైలు అక్షరాల రూపంలోకి మారి ప్రయాణిస్తుంది కాబట్టి మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. 20 ఎంబీ ఫైలు దారిలో 27 ఎంబీ అవుతుంది. 18 ఎంబీ దాటకుండా చూసుకోండి. స్కానింగ్‌లోనే అసలు తేడా వస్తుంది: 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) రంగులో తీసిన పేజీలో ఉండే సమాచారం, 200 డీపీఐ గ్రేలో తీసిన దానికి 27 రెట్లు. తక్‌పట్టీ చదవడానికి 200 గ్రే చాలు. ఇరుక్కున్న మెయిల్‌ను తీయాలంటే వర్క్ ఆఫ్‌లైన్ పెట్టి, ప్రోగ్రాం మూసి తెరిచి, ఆ మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లోకి లాగి, మళ్లీ ఆన్‌లైన్ చేయండి.

ఇప్పుడు ఎర్రర్‌ను చదవండి. ఓకే నొక్కి మూసేసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి, అందులో ఉండే మూడంకెల నంబరే సగం జవాబు.

535 అంటే సర్వరు దొరికింది గానీ పాస్‌వర్డ్ ఒప్పుకోలేదు. మామూలు జీమెయిల్ అకౌంట్లలో పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చే పాత ప్రోగ్రాములను గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. 16 అక్షరాలు ఇస్తుంది, దాన్ని పాత పాస్‌వర్డ్ స్థానంలో వేయండి. ఔట్‌లుక్ డాట్ కామ్, హాట్‌మెయిల్ అకౌంట్లకు ఇలాంటి మార్పే 2024 సెప్టెంబర్ 16న వచ్చింది. అక్కడ మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీ తెరిచి అడిగే కొత్త ప్రోగ్రాం కావాలి.

530 గానీ, 550తో పాటు రిలే అన్న మాట గానీ కనిపిస్తే, మీ ప్రోగ్రాం పంపేటప్పుడు లాగిన్ కావడం లేదని. ఔట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో మోర్ సెట్టింగ్స్, అందులో అవుట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్ తెరిచి ఆథెంటికేషన్ గడిలో టిక్ పెట్టండి. కొత్త వెర్షన్లలో ఆ బటన్ కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లోని మెయిల్ నుంచి వెళ్లండి. 552 అంటే చాలాసార్లు సైజు ఎక్కువైందని.

నంబరేమీ లేకుండా చాలాసేపు తిరిగి టైమ్ అవుట్ అంటే పోర్టు దగ్గర చిక్కు. 587కు స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465కు ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకోవాలి. 465 మొదటి క్షణం నుంచే గుప్తభాష కోరుతుంది, 587 మామూలుగా మొదలై తర్వాత గుప్తభాషకు మారుతుంది. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకుంటే, సర్వరు మీ కోసం, మీ ప్రోగ్రాం సర్వరు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. 25 కనిపిస్తే వెంటనే మార్చండి. స్పామ్ ఆపడానికి చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఆ పోర్టును మూసి ఉంచుతాయి.

పోర్టు సరిగ్గా ఉన్నా ఆగితే ఫోన్ హాట్‌స్పాట్‌కు కంప్యూటర్‌ను కలిపి పంపి చూడండి. మాకు తెలిసినంతలో ఇంతకన్నా తేలికైన, నమ్మదగిన పరీక్ష లేదు. హాట్‌స్పాట్‌లో పోయి, ఆఫీసు లైన్‌లో పోకపోతే రౌటర్‌లోనో ఇంటర్నెట్ కంపెనీ దగ్గరో అడ్డు ఉంది. వాళ్లకు ఫోన్ చేసి "మెయిల్ పోవట్లేదు" అనకండి, "587 పోర్టుకు బయటికి దారి లేదు" అని చెప్పండి. రెండింటిలోనూ పోకపోతే కంప్యూటర్‌నే చూడాలి: యాంటీవైరస్‌లో మెయిల్ స్కాన్ ఒక్కటే కాసేపు ఆపి పరీక్షించండి. మొత్తం యాంటీవైరస్ ఆపొద్దు.

పాత డెస్క్‌టాప్‌లలో ఇంకోటి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పయితే సర్వరు సర్టిఫికెట్‌ను కంప్యూటర్ నమ్మదు, సురక్షిత కనెక్షన్ కుదరదు. రూపాయి బిళ్లకన్నా మందమైన 3 వోల్టుల ఆ బ్యాటరీ ఏ గడియారాల దుకాణంలోనైనా దొరుకుతుంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా వేసి, తేదీ సరిచేయండి. విండోస్ 7 మీద పాత ఔట్‌లుక్ అయితే బ్యాటరీ మార్చినా లాభం ఉండకపోవచ్చు, టీఎల్‌ఎస్ 1.2 (కనెక్షన్‌ను గుప్తభాషలో నడిపే పద్ధతి) అది దానంతటదే వాడేలా ఉండదు. చాలా సర్వర్లు ఇప్పుడు దానికి తక్కువైతే ఒప్పుకోవు.

మెయిల్ అవుట్‌బాక్స్ దాటి వెనక్కి తిరిగొస్తే అది వేరే సమస్య. ముందు అడ్రస్ చూడండి: డాట్ ఉండాల్సిన చోట కామా పడటం, కామ్ బదులు కాన్ అని పడటం తరచూ జరుగుతుంది. మీ మిల్లు పేరుతోనో కంపెనీ పేరుతోనో సొంత డొమైన్ ఉంటే, దాని డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలుండే పట్టికలో) ఎస్‌పీఎఫ్ రికార్డు, అంటే మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా, ఉందా అని డొమైన్ చూసే వ్యక్తిని అడగండి. అది ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే అవతలి సర్వరు రెండింటినీ లెక్కచేయదు. అప్పుడు రెండిట్లోని సర్వర్ల పేర్లనూ ఒకే రికార్డులో కలిపి రాయించాలి.