ఉబుంటు 20.04 ఇంకా వాడుతున్నవారికి ఒక చిట్కా

ఉబుంటు 20.04 ఆపరేటింగ్ సిస్టమ్‌కు దాని తయారీదారైన కనానికల్ సంస్థ అందించే సాధారణ భద్రతా మద్దతు 2025 మే నెలతో ముగిసినప్పటికీ, కంప్యూటర్ మునుపటిలాగే చక్కగా పనిచేస్తూ ఉండటం వల్ల చాలామంది ఆ సంగతి గమనించడం లేదు. కొత్త వెర్షన్ ఎక్కించుకోవడానికి ఇప్పుడే తీరిక లేనివారు ఉబుంటు ప్రో చందాను జతచేసుకుంటే 2030 ఏప్రిల్ వరకు భద్రతా సవరణలు అందుతూనే ఉంటాయి. పేరు చూసి డబ్బు కట్టాలేమోనని వెనకాడనవసరం లేదు. సొంత వాడకానికి 5 యంత్రాల వరకు ఇది ఉచితమే.

ముందుగా మిగిలిపోయిన అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండోలో) ‘సుడో ప్రో అటాచ్’ (sudo pro attach) అనే ఆదేశం ఇస్తే ఒక చిన్న కోడ్ కనిపిస్తుంది; ఉబుంటు వెబ్‌సైటులో మీ ఖాతాతో లాగిన్ అయి, ఆ ఆదేశం చూపిన పేజీలో దాన్ని నమోదు చేస్తే చందా జతపడుతుంది. ఆ తరువాత ‘ప్రో స్టేటస్’ (pro status) అనే ఆదేశమిచ్చి, వచ్చిన పట్టికలో ఈఎస్‌ఎం-ఇన్‌ఫ్రా (esm-infra), ఈఎస్‌ఎం-యాప్స్ (esm-apps) అనే రెండు వరుసల్లోనూ ‘ఎనేబుల్డ్’ (enabled) అని ఉందో లేదో తప్పక చూసుకోవాలి. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, వీఎల్‌సీ వీడియో ప్లేయర్ వంటి, ఔత్సాహికుల సమాజం నిర్వహించే ‘యూనివర్స్’ విభాగపు ప్యాకేజీలకు సవరణలు వచ్చేది దాని ద్వారానే.

వీలు చూసుకుని వెర్షన్ మార్చదలచినవారు 20.04 నుంచి నేరుగా 24.04కు వెళ్లలేరు, నడుమ 22.04 మీదుగా వెళ్లవలసిందే. అప్‌గ్రేడ్ సమయంలో మీరు విడిగా చేర్చుకున్న పీపీఏలను (ఉబుంటు అధికారిక జాబితాకు బయటి సాఫ్ట్‌వేర్ మూలాలను) వ్యవస్థ నిలిపివేస్తుంది కనుక, వాటి పేర్లను ముందే ఒకచోట రాసిపెట్టుకోవడం మంచిది.