ఇంగ్లండ్ క్రిమినల్ కోర్టులో శిక్ష ఎంత పడుతుందో మీరే లెక్క వేసి చూడటం ఎలా

"గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు" అని వార్తలో చూడగానే చాలామంది ఆ 7 దగ్గరే ఆగిపోతారు. కేసు సొంతవాళ్లదైతే ఇక ఆ టెన్షన్‌కి నిద్ర కూడా పట్టదు. ముందు ఆ అంకెను పక్కన పెట్టండి. చట్టంలో రాసిన గరిష్ఠ శిక్ష అంటే జడ్జి దాటకూడని గీత మాత్రమే, లెక్క అక్కడి నుంచి మొదలు కాదు. ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్ కోర్టుల గురించి, స్కాట్లండ్ పద్ధతి వేరు.

జ్యూరీ పని దోషా కాదా అని తేల్చడంతో అయిపోతుంది. శిక్ష ఎంతో చెప్పేది జడ్జి లేదా మేజిస్ట్రేట్లు, అదీ వాళ్ల ఇష్టం వచ్చినట్టు కాదు. 2010లో ఏర్పడిన సెంటెన్సింగ్ కౌన్సిల్ చాలా నేరాలకు విడివిడిగా గైడ్‌లైన్ (ఎంత నేరానికి ఎంత శిక్ష అని పట్టికతో చెప్పే సూచనలు) రాసి పెట్టింది, వాటిని పాటిస్తే అన్యాయం జరుగుతుందని అనిపిస్తే తప్ప కోర్టు పాటించి తీరాలని 2020 నాటి సెంటెన్సింగ్ చట్టం చెబుతోంది. ఆ గైడ్‌లైన్లు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఛార్జిషీటులో ఉన్న నేరం పేరు సరిగ్గా చూసుకుని ఆ పేరుతో ఉన్న గైడ్‌లైన్ తెరవడం. పేరులో చిన్న తేడా ఉన్నా పట్టిక మారిపోతుంది. దొంగతనానికి ఒకటి, ఇల్లు దూరి చేసిన దొంగతనానికి ఇంకొకటి, మోసానికి మరొకటి.

తెరిచాక రెండు ప్రశ్నలు వేసుకోవాలి: మనిషి తప్పు ఎంత, జరిగిన నష్టం ఎంత. ఒక ఉదాహరణ అనుకుందాం. చిన్న కంపెనీలో లెక్కలన్నీ ఒక్కడి చేతిలో పెట్టారు, అతను 18,000 పౌండ్లు కాజేశాడు, కేసు దొంగతనం కింద పెట్టారు. యజమాని పూర్తిగా నమ్మి అప్పగించిన బాధ్యతను వాడుకున్నాడు కాబట్టి తప్పు పై స్థాయిలోకి, అంటే 'ఎ' లోకి వెళుతుంది. 10,000 నుంచి 1,00,000 పౌండ్ల మధ్య ఉంది కాబట్టి నష్టం 2వ వర్గం. పట్టికలో ఆ రెండూ కలిసే గడిలో రాసి ఉండేది 2 ఏళ్ల జైలు, అటూ ఇటూ 1 ఏడాది నుంచి మూడున్నరేళ్ల వరకు. చూశారా, దొంగతనానికి చట్టంలో గరిష్ఠంగా ఉన్న ఆ 7 ఇందులో ఎక్కడా లేదు. అదే మనిషి 300 పౌండ్ల సరుకు మామూలుగా ఎత్తుకెళ్లి ఉంటే లెక్క జైలు దగ్గర కాకుండా కమ్యూనిటీ ఆర్డర్ (జైలు బదులు బయటే ఉండి కోర్టు చెప్పినవి చేసే శిక్ష) దగ్గరో జరిమానా దగ్గరో మొదలయ్యేది.

ఆ 2 ఏళ్లనుంచి ఇప్పుడు పైకీ కిందికీ కదలాలి. పాత నేరాలు ఉంటే, సాక్ష్యాలు మాయం చేస్తే, తప్పు ఇంకొకరి మీదికి నెడితే పైకి. మొదటిసారి కావడం, నిజమైన పశ్చాత్తాపం, పిల్లల్నో పెద్దవాళ్లనో చూసుకునే దిక్కు తనే కావడం, ఇవి కిందికి. 'క్షమించండి' అని కోర్టులో అనడం కంటే కాజేసిన డబ్బులో కొంతైనా అడక్కముందే కట్టి ఉండటం ఎంతో బలమైన రుజువు. కుటుంబం చేయగలిగింది కూడా ఇక్కడే ఉంది: డాక్టరు కాగితాలు, ఉద్యోగం ఇచ్చినవాళ్ల ఉత్తరం, ఇంట్లో అతని మీద ఎవరు ఆధారపడ్డారో చెప్పే వివరాలు లాయర్ చేతికి శిక్ష రోజుకు చాలా ముందే చేరాలి. ప్రొబేషన్ ఆఫీసర్ (దోషి పరిస్థితి తెలుసుకుని కోర్టుకు చెప్పే అధికారి) రిపోర్టు కోసం పిలిస్తే తప్పకుండా వెళ్లాలి, ఉన్నదున్నట్టు చెప్పాలి. బాధితుల వాంగ్మూలం కూడా కోర్టు చదువుతుంది, అయితే నేరం వాళ్ల బతుకును ఎలా దెబ్బ తీసిందన్నదే లెక్కలోకి వస్తుంది కానీ ఎన్నేళ్లు వేయాలన్న వాళ్ల అభిప్రాయం కాదు. ఇది బాధితులకు ముందే ఎవరైనా చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది, తెలియక ఎంతో ఆశ పెట్టుకుని వస్తారు.

మన ఉదాహరణలో ఇవన్నీ కలిసి 24 నెలలు 18కి దిగాయనుకోండి. ఆ తర్వాతే నేరం ఒప్పుకున్నందుకు ఇచ్చే తగ్గింపు. మొదటి వాయిదాలోనే ఒప్పుకుంటే మూడో వంతు పోతుంది, మిగిలేది 12 నెలలు. ఆ తర్వాత ఒప్పుకుంటే ఎక్కువలో ఎక్కువ నాలుగో వంతు, విచారణ మొదలయ్యే రోజు దాకా ఆగితే పదో వంతు, అంటే 16 నెలలకు పైనే. సాక్ష్యం ఎంత బలంగా ఉన్నా ఈ తగ్గింపు మాత్రం పోదు. కానీ దయచేసి ఒక్క మాట గుర్తుంచుకోండి: చేయని నేరాన్ని తగ్గింపు కోసం ఒప్పుకోకూడదు. చేసినవాడు ఎంత త్వరగా ఒప్పుకుంటే అంత మేలు అన్నది మాత్రమే దీని అర్థం.

అంకె వచ్చింది కదా అని జైలే అనుకోకండి. జరిమానా గానీ కమ్యూనిటీ ఆర్డర్ గానీ సరిపోనంత తీవ్రమైన నేరమైతేనే జైలు శిక్ష వేయాలి. అలా వేసినా, కాలం తక్కువైనప్పుడు దాన్ని సస్పెండ్ చేయొచ్చా, అంటే కొంత గడువు పెట్టి జైలుకు పంపకుండా ఆపొచ్చా అని చూస్తారు. మారతాడన్న నమ్మకం, ఇంట్లోవాళ్ల మీద పడే దెబ్బ ఒకవైపు, జనానికి అతనివల్ల ప్రమాదం, గతంలో కోర్టు మాట లెక్కచేయకపోవడం ఇంకోవైపు పెట్టి తూస్తారు. సస్పెండ్ అయితే విడిచిపెట్టినట్టు కాదు, ఆ గడువులో మళ్లీ నేరం చేస్తే ఆ శిక్ష కూడా మీద పడుతుంది. కమ్యూనిటీ ఆర్డర్‌లో జీతం లేని పని 40 నుంచి 300 గంటల దాకా ఉండొచ్చు. జరిమానా అయితే వారం ఆదాయాన్ని బట్టి లెక్క కడతారు, ఒకే నేరానికి ఇద్దరికి వేరువేరు మొత్తాలు పడేది అందుకే.

నేరాలు రెండు మూడు ఉంటే అంకెలు ఊరికే కూడేయకండి. శిక్షలు ఏకకాలంలో నడిచినా, ఒకదాని తర్వాత ఒకటి నడిచినా మొత్తం కలిపి చేసిన పనికి తగ్గట్టు ఉండాలి.

హత్యకు ఈ పద్ధతంతా పనికిరాదు. పెద్దవాళ్లకు యావజ్జీవం తప్పదు, జడ్జి తేల్చేది కనీసం ఎన్నేళ్లు లోపల ఉండాలన్నదే. మామూలుగా 15 ఏళ్ల నుంచి మొదలు, కత్తి వెంట తీసుకెళ్లి చంపితే 25, తుపాకీతో అయితే 30, మరీ ఘోరమైనవాటికి బతికినంత కాలం. ఆ కనీస కాలం పూర్తయ్యాక కూడా విడుదల పారోల్ బోర్డు (ఖైదీని వదలొచ్చా లేదా అని తేల్చే సంస్థ) చేతిలో ఉంటుంది.

శిక్ష చెప్పే రోజు కాగితం, పెన్ను పట్టుకుని పబ్లిక్ గ్యాలరీలో కూర్చోండి. ఎందుకు ఆ శిక్ష వేస్తున్నారో మామూలు మాటల్లో చెప్పడం జడ్జి బాధ్యత. ఏ వర్గం, ఎక్కడ మొదలుపెట్టారు, దేనికి పెంచారు, దేనికి తగ్గించారు, ఒప్పుకున్నందుకు ఎంత పోయింది, వరసగా రాసుకోండి. 2022 జులై నుంచి క్రౌన్ కోర్టు (తీవ్రమైన కేసులు వినే కోర్టు) జడ్జిలు శిక్ష చెప్పే మాటలను కొన్ని కేసుల్లో టీవీలోనూ చూపిస్తున్నారు, ముందుగా ఒకట్రెండు చూస్తే ఆ రోజు అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

మీ లెక్కకూ జడ్జి లెక్కకూ ఎక్కడ తేడా వచ్చిందో ఆ కాగితంలో కనిపిస్తుంది, లాయర్‌ని అడగాల్సింది సరిగ్గా ఆ చోటు గురించే. క్రౌన్ కోర్టు శిక్ష మీద అప్పీలుకు వెళ్లాలంటే గడువు 28 రోజులు. మేజిస్ట్రేట్లు వేసిన శిక్ష మీదైతే గడువు ఇంకా తక్కువ, పైగా క్రౌన్ కోర్టు మొత్తం మళ్లీ విని శిక్షను పెంచే అవకాశం కూడా ఉంది, అందుకే అది దాఖలు చేసే ముందే లాయర్‌తో కూర్చుని మాట్లాడండి.