అత్యాచార కేసు అప్పీలు: సమ్మతి, సాక్ష్యం గురించి రికార్డులో ఏం వెతకాలి

హైకోర్టులో బాధితురాలు మామూలుగా మళ్లీ బోనెక్కదు. జడ్జిల ముందుండేది విచారణ జరిపిన సెషన్స్ కోర్టు రికార్డే. అందుకని ఆ రికార్డు కట్ట చేతికి రాగానే తీర్పు పక్కన పెట్టి, ముందు ఆమె కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం చదవండి. చీఫ్ (ప్రాసిక్యూషన్ లాయరు అడిగినప్పుడు చెప్పింది), క్రాస్ (నిందితుడి లాయరు ఎదురు ప్రశ్నలకు చెప్పింది) రెండూ పూర్తిగా చదవాలి.

తర్వాత తేదీ, వయసు. నేరం 2024 జూలై 1కి ముందుదైతే ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 375వ సెక్షన్, ఆ రోజు నుంచి జరిగినదైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63. ఆమెకు 18 నిండకపోతే సమ్మతి ప్రశ్నే లేదు, వాదనంతా వయసు రుజువు మీదే నడుస్తుంది.

18 దాటితే 2013లో చట్టంలోకి వచ్చిన నిర్వచనమే ఆధారం. ఆ ఫలానా చర్యకు తనంతట తాను, అనుమానానికి తావులేకుండా, మాటతోనో సైగతోనో తెలిపిన అంగీకారమే సమ్మతి. తిరగబడలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. మెడికల్ రిపోర్టులో గాయాలు లేవని చూపించి కేసు తేల్చేయబోయే వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఈ మాట చట్టంలో ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియాలంటే మహారాష్ట్ర తుకారాం కేసు చదవాలి. పోలీస్ స్టేషన్‌లో జరిగిన నేరం అది. సెషన్స్ కోర్టు నిందితులైన పోలీసుల్ని వదిలేసింది. భయంతో లొంగిపోవడం ఒప్పుకోవడం కాదంటూ హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు, గాయాల్లేవు, కేకలు వేసినట్టు నమ్మలేమంటూ మళ్లీ వదిలేసింది. సాక్ష్యం అదే, చదివిన తీరే వేరు. దేశమంతా నిరసన లేచాక 1983లో చట్టం మారింది. పోలీసుల చేతిలోనో, ఆమెపై అధికారం ఉన్నవాళ్ల వల్లో జరిగిన కేసుల్లో సంభోగం రుజువై, సమ్మతి లేదని ఆమె కోర్టులో చెబితే, లేదనే కోర్టు భావించాలి. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 120. ప్రతి కేసుకూ దీన్ని వాడబోవడం పొరపాటు, న్యాయ సంహిత 64(2) కిందకి వచ్చేవాటికే వర్తిస్తుంది.

ఇక నమ్మకం. ఆమె సాక్ష్యం నిలకడగా ఉంటే అదొక్కటే శిక్షకు చాలునని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూడాలి తప్ప ఆలస్యమే అబద్ధానికి గుర్తు కాదని కూడా అక్కడే అంది. వైరుధ్యాలు ఉన్నాయంటే మూడు ప్రశ్నలు వేసుకోండి. తేడా అసలు ఘటనలోనా, చుట్టుపక్కల వివరాల్లోనా? పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లోని ఆ భాగాన్ని క్రాస్‌లో ఆమెకు చూపించి అడిగారా? దర్యాప్తు అధికారి ద్వారా దాన్ని రుజువు చేసి ఎగ్జిబిట్ (కోర్టు రికార్డులో నంబరు వేసిన సాక్ష్యం) వేయించారా? చివరి రెండూ జరగకపోతే అప్పీల్లో ఆ తేడాకు బలం లేదు. డిఫెన్స్ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మేజిస్ట్రేట్ ముందిచ్చిన స్టేట్‌మెంటూ అంతే, కోర్టులో చెప్పిన సాక్ష్యాన్ని బలపరచడానికో ఖండించడానికో పనికొస్తుంది గానీ తనంతట అది రుజువు కాదు.

నిందితుణ్ణి కోర్టు స్వయంగా ప్రశ్నించినప్పుడు అతనిచ్చిన జవాబులూ చూడండి. క్రాస్‌లో అతని లాయరు ఆమె సమ్మతించిందని సూచించి, ఈ జవాబుల్లో అతనేమో ఘటనాస్థలానికి నేనసలు వెళ్లనే లేదంటే ఆ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆమె గత సంబంధాల గురించిన సాక్ష్యం సమ్మతి తేల్చడానికి పనికిరాదు (సాక్ష్య అధినియం 48). కింది తీర్పు దానిమీద ఆధారపడితే అదే బలమైన అప్పీలు గ్రౌండు.

నిర్దోషిగా వదిలేసిన తీర్పు మీద అప్పీలైతే కష్టం ఎక్కువ. సాక్ష్యమంతా తిరిగి తూచే అధికారం హైకోర్టుకు ఉంది, కానీ రెండు నిర్ణయాలకూ సమంజసంగా అవకాశముంటే కింది కోర్టు నిర్ణయాన్ని కదపకూడదని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ‘మరోలా కూడా చూడొచ్చు’ అంటే చాలదు, కింది జడ్జి ఏ సాక్ష్యాన్ని వదిలేశారో పేజీ నంబరుతో చూపించాలి.

అప్పీలు మెమోలో ఎక్కడా ఆమె పేరు, ఊరు, బంధువుల వివరాలు రాయకండి. ‘బాధితురాలు’ అని రాస్తే చాలు.