కోడి, రొయ్య, మనిషి ఒకే కొలబద్ద మీద: మూడో పాఠం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. యాంటీబయాటిక్ మందులకి లొంగని సూక్ష్మజీవుల్ని వెతకడానికి మీకు దగ్గర్లోని మార్కెట్‌లో కోడి పేగు నమూనాలు తీయాలంటే ఏ అయిదు కొట్లకు వెళ్తారో, ఎందుకో రాయమన్నాను. జవాబుల్లో ఎక్కువసార్లు కనిపించిన మాట ఒకటే: "మురికిగా ఉన్నవి చూసి ఎంచుకున్నాం." మంచి ఉద్దేశంతోనే రాశారు, కానీ అక్కడే పని చెడుతుంది. అనుమానం ఉన్నచోటికి వెళ్లి వెతికితే అది తనిఖీ. మనం నేర్చుకుంటున్నది నిఘా. నిఘాలో శుభ్రంగా ఉన్న కొట్టుకీ, లేని కొట్టుకీ చీటీలో పేరు పడే అవకాశం సమానంగా ఉండాలి. విశాఖలో పూర్ణా మార్కెట్ అనుకోండి. కోడి కొట్లన్నీ వరసగా రాసుకుని, అంకెలు వేసి, చీట్లు తీయండి. ఏ అంకె వస్తే ఆ కొట్టుకే వెళ్లండి. అది మూసి ఉంటే పక్క కొట్టుకి వెళ్లకూడదు. మళ్లీ చీటీ తీయాలి.

ఇవాళ నేర్చుకునేది ప్లేటు మీద కొలిచిన అంకెను నోటుబుక్కులోకి ఎక్కించడం. కోడి దగ్గర వచ్చిన అంకె, ఆస్పత్రిలో వచ్చిన అంకె పక్కపక్కన పెడితే వాటికి అర్థం ఉండేలా ఎక్కించాలి. దీనికి ల్యాబు అక్కర్లేదు. రూళ్ల నోటుబుక్కు, మిల్లీమీటర్ల స్కేలు, పెన్సిలు చాలు. ఇంట్లో సూక్ష్మజీవుల్ని పెంచే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకండి. ఆ పని ల్యాబులోనే జరగాలి.

ముందు ఒక చిక్కుముడి విప్పుకుందాం. మన ఊళ్లో "యాంటీబయాటిక్ టెస్టు" అనగానే అందరికీ రొయ్యలే గుర్తొస్తాయి. వనామీ రొయ్య విశాఖ పోర్టు మీదుగా దేశాలు దాటి వెళ్తుంది కాబట్టి ఇక్కడ ఆ మాట తెలియని ఇల్లు తక్కువ. క్లోరాంఫెనికాల్ దొరికిందనో, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు ఉన్నాయనో కంటైనర్ వెనక్కి వచ్చిందంటే ఫిషింగ్ హార్బర్ టీ కొట్లలో కూడా అదే ముచ్చట. అయితే ఆ టెస్టు వెతికేది మందుని. మాంసంలో మందు ఎంత మిగిలిందో చెబుతుంది. దాన్ని రెసిడ్యూ అంటాం. మనం వెతికేది మందుకి లొంగని సూక్ష్మజీవిని. అది రెసిస్టెన్స్.

ఈ రెండూ ఒకటే అనుకుని చదువుకున్నవాళ్లు కూడా పొరపడతారు. కోళ్లకు మందు కలిపి, తర్వాత గడువు ప్రకారం ఆపేసి, అప్పుడు కోస్తే మాంసంలో మందు ఉండదు. టెస్టులో సున్నా వస్తుంది, అది నిజమే. కానీ మందు ఉన్న రోజుల్లో దానికి చావకుండా మిగిలిన సూక్ష్మజీవులు ఆ కోడి పేగులోనే ఉంటాయి. పొయ్యి ఆరిపోయాక పొగ పోతుంది, మసి గోడకే ఉంటుంది. రెసిడ్యూ సర్టిఫికెట్ పొగ లేదని చెబుతుంది. మసి గురించి దానికి తెలియదు. అందుకని మీ నోటుబుక్కులో ఈ రెండింటికీ వేర్వేరు పేజీలు పెట్టండి, ఒకే వరసలో ఎప్పుడూ రాయకండి.

ఇక ఏ సూక్ష్మజీవిని వెతకాలి? ఒక్కదాన్నే ఎంచుకోవాలి, అది మూడు చోట్లా దొరకాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ట్రైసైకిల్ అనే పద్ధతి విడుదల చేసింది. మూడు చక్రాలు అంటే మనుషులు, ఆహారం, పరిసరాలు. మూడింటిలోనూ వెతికేది ఒక్కటే: ఈఎస్‌బీఎల్ తయారుచేసే ఈ-కొలై. ఈఎస్‌బీఎల్ అంటే సెఫోటాక్సిమ్ లాంటి మందుల్ని విరిచేసే ఎంజైము. ఈ-కొలై మన పేగులో ఉంటుంది, కోడి పేగులో ఉంటుంది, ఊరి మురుగు కలిసే గెడ్డలో ఉంటుంది. ఒకే మెకాంకీ అగార్ (సూక్ష్మజీవులు పెరగడానికి పోసే జెల్లీ లాంటి మేత) రెండు ప్లేట్లు తీసుకుంటారు. ఒకటి మామూలుది. రెండోదాంట్లో లీటరుకి 4 మిల్లీగ్రాముల సెఫోటాక్సిమ్ కలుపుతారు. రెండింటి మీదా ఒకే నమూనా, ఒకే పలుచదనంలో వేస్తారు. మామూలు ప్లేటు మీద 80 ఈ-కొలై కాలనీలు (కంటికి కనిపించే చుక్కలు), మందు ప్లేటు మీద 12 వచ్చాయనుకోండి. 80లో 12, అంటే 15 శాతం మందుని లెక్కచేయలేదు. ఇంత సాదా పద్ధతి కాబట్టే చిన్న ల్యాబులు కూడా చేయగలవు.

రొయ్య దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ-కొలై రొయ్య సొంత చుట్టం కాదు. చెరువు నీళ్లతోనో, ఐసుతోనో, చేతులతోనో వచ్చి చేరుతుంది. హార్బర్‌లో కొన్న రొయ్య మీద లొంగని ఈ-కొలై దొరికితే, చెరువులో మందు వాడారని అనేయకూడదు. ఐసు ఏ నీళ్లతో చేశారో ముందు అడగాలి. చెరువు సంగతి తెలియాలంటే ఉప్పునీటిలో సహజంగా ఉండే విబ్రియో అనే సూక్ష్మజీవుల్ని చూడాలి. రొయ్య వరస పక్కన ఈ మాట ఎర్ర పెన్నుతో రాసుకోండి. దాన్ని మరిచిపోతే అన్యాయంగా ఒక రైతు మీద నింద పడుతుంది.

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. దొరికిన ఈ-కొలైని ముల్లర్-హింటన్ అనే ఇంకో రకం అగార్ మీద సమంగా రాసి, మందు డిస్కులు (మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు) పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. మర్నాడు డిస్కు చుట్టూ సూక్ష్మజీవి పెరగని గుండ్రటి జాగా కనిపిస్తుంది. ల్యాబులో అందరూ జోన్ అంటారు. ప్లేటు తిరగేసి, కింద నల్లగుడ్డ పరిచి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని, ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలవాలి. డిస్కు వెడల్పు 6 మిల్లీమీటర్లు కూడా అందులోనే కలుస్తుంది. జోన్ అసలు లేకపోతే సున్నా రాయరు, 6 అని రాస్తారు. కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడ తడబడతారు.

ఆ కొలతని నమ్మాలంటే పక్కనే ఇంకో ప్లేటు ఉండాలి, దాన్ని కంట్రోల్ అంటాం. జోన్ ఎంత రావాలో ముందే తెలిసిన ఏటీసీసీ 25922 అనే ఈ-కొలై మీద సెఫోటాక్సిమ్ 30 మైక్రోగ్రాముల డిస్కు పెడితే జోన్ 29 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య రావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో నేను పనిచేస్తున్న చోట ఫ్రిజ్‌లో డిస్కుల డబ్బాలు ఆ ఉక్కలో అలాగే ఉండిపోయాయి. కరెంటు వచ్చాక పని పేరుకుపోయిందని అవే డిస్కులు వాడాం, కంట్రోల్ ప్లేటు పెట్టలేదు. ఆ వారం వచ్చినవన్నీ "మందుకి లొంగవు" అని రాశాం. అనుమానం వచ్చి కంట్రోల్ పెడితే 24 వచ్చింది. డిస్కులో మందే సగం చచ్చిపోయింది, సూక్ష్మజీవిది తప్పు లేదు. ఆ వారం రిపోర్టులు వెనక్కి పిలిపించి మళ్లీ చేశాం. రోగి మంచం పక్కన ఆ కాగితం పట్టుకుని డాక్టరు ఏ మందు మార్చి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అగార్ మరీ మందంగా పోసినా ఇలాగే జోన్ తగ్గుతుంది. 4 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. కాబట్టి మీ పట్టికలో మొదటి గడి కంట్రోల్‌దే. అది ఖాళీగా ఉంటే ఆ రోజు వరసలన్నీ కొట్టేయండి.

ఇక ఈ పాఠం గుండెకాయ ఇది: జోన్‌ని మిల్లీమీటర్లలో రాయండి. 'ఎస్' (లొంగుతుంది), 'ఐ' (మధ్యస్థం), 'ఆర్' (లొంగదు) అని అక్షరాలు మాత్రమే రాసి ఊరుకోకండి. ఎందుకో చూడండి. సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కుకి సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబులకి ప్రమాణాలు ఇచ్చే అమెరికా సంస్థ) పెట్టిన పాత గీతల ప్రకారం, అంటే ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర విడగొట్టాలో చెప్పే హద్దుల ప్రకారం, ఈ-కొలై దగ్గర 21 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లొంగినట్టు, 15 గానీ తక్కువ గానీ వస్తే లొంగనట్టు. 2019లో గీతలు మారాయి. ఇప్పుడు లొంగినట్టు అనాలంటే 26 రావాలి, 21 గానీ అంతకు తక్కువ గానీ వస్తే లొంగనట్టే. జోన్ 22 వచ్చిన సూక్ష్మజీవి 2018లో 'ఎస్', 2019లో 'ఐ'. దాంట్లో ఏ మార్పూ లేదు, మారింది మన గీత. అక్షరాలే దాచుకున్నవాళ్లకి ఆ ఏడాది రెసిస్టెన్స్ ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. మిల్లీమీటర్లు దాచుకున్నవాళ్లు పాత ఏళ్లన్నీ కొత్త గీతతో మళ్లీ లెక్కేసుకుంటారు. ఇంకో సంగతి, ఆ గీతలు మనిషికి వైద్యం కోసం గీసినవి. కోడికీ మనిషికీ పోల్చేటప్పుడు యూకాస్ట్ అనే యూరప్ సంస్థ ఇచ్చే ఇంకో గీత వాడతారు. మందుని తట్టుకోవడం ఇంకా నేర్చుకోని సహజ సూక్ష్మజీవుల జోన్లు ఎక్కడిదాకా ఉంటాయో అది చెబుతుంది. మిల్లీమీటర్లు ఉంటే, అదే డిస్కుకి గీసిన ఏ గీతైనా పెట్టి చూడొచ్చు.

తర్వాత లెక్కలో అడుగున ఉండే అంకె. ఒక ఆస్పత్రిలో 60 రిపోర్టులు వచ్చాయి, 33 లొంగనివి అనుకోండి. ఇవి లెక్క కోసం నేను కల్పించినవి. 55 శాతం అని రాసేస్తాం. కానీ ఆ 60లో 12 రిపోర్టులు అంతకుముందే ఒకసారి పరీక్ష జరిగిన రోగులవి, అన్నీ లొంగనివే. జ్వరం తగ్గని మనిషికే కదా మళ్లీ మళ్లీ పరీక్ష రాస్తారు! ఒక రోగికి మొదటి రిపోర్టు ఒక్కటే ఉంచితే 48లో 21, సుమారు 44 శాతం. ఆస్పత్రులన్నీ ఎక్కువ చూపించడానికి సగం కారణం ఇదే అని నా అనుభవం. హూనెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ ఏరివేత తనే చేసిపెడుతుంది, కానీ ఒకసారి చేత్తో చేసి చూస్తేనే ఎందుకో తలకెక్కుతుంది.

కోళ్ల దగ్గర ఇదే తప్పు వేరే వేషంలో వస్తుంది. ఎనిమిది కొట్లు, కొట్టుకి అయిదు, మొత్తం 40 కోళ్లు అని మురిసిపోతాం. ఒకసారి కొట్టు యజమానిని అడిగాను: "అన్నయ్యా, ఇవి ఏ ఫారం కోళ్లు?"

"ఒక ఫారం అని ఏటి మేడమ్, బండి తెల్లారగట్ల వచ్చేత్తాది. ఆ వరసంతా ఒకటే బండి."

ఆ ఒక్క మాటతో నా ఎనిమిది కొట్లు ఒక బండి అయిపోయాయి. ఒకే షెడ్‌లో, ఒకే మేత తిని, ఒకే నీళ్లు తాగిన కోళ్లు అయిదైనా యాభైయైనా చెప్పేది దాదాపు ఒకటే కథ. అందుకే పట్టికలో 'కొట్టు' పక్కన 'ఫారం' అని ఒక గడి ఉండి తీరాలి. అడిగేటప్పుడు అధికారిలా అడగకండి. మందు వాడాడని తెలిస్తే కేసు పెడతారేమోనన్న భయం ఎవరికైనా ఉంటుంది. ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పి, పేరు రాయబోనని మాటిచ్చి అడిగితే చాలామంది చెబుతారు.

సున్నా వచ్చినప్పుడు కూడా తొందరపడొద్దు. 30 కోళ్లు చూశారు, ఒక్కదాంట్లోనూ లొంగనిది దొరకలేదు. లేదు అని రాయొచ్చా? చేత్తో వేసుకునే లెక్క ఒకటుంది: 3ని నమూనాల సంఖ్యతో భాగించండి. 3 బై 30, అంటే 10 శాతం. అసలు సంగతి సున్నా నుంచి 10 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చన్నమాట. 300 చూసి సున్నా వస్తే అది 1 శాతానికి దిగుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటారా? కెనడాలో సిపార్స్ అనే నిఘా 2002లో మొదలైంది. కొట్లలో అమ్మే కోడి మాంసాన్నీ, జబ్బుపడిన మనుషుల నమూనాలనీ ఒకే రకం గీతలతో చూస్తూ వచ్చారు. అక్కడి క్యూబెక్ రాష్ట్రంలో కోడిపిల్లలు బయటికి రాబోయే గుడ్లకి సెఫ్టియోఫర్ అనే మందు ఎక్కించేవారు. 2005లో హేచరీలు దాన్ని తమంతట తామే ఆపేశాయి. కోడి మాంసంలోని సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్ అనే సూక్ష్మజీవిలో ఆ మందుకి లొంగనివి 62 శాతం నుంచి 7 శాతానికి, మనుషుల్లో 36 నుంచి 8కి పడిపోయాయి. తర్వాత మందు కొంత తిరిగి మొదలైతే అంకెలూ మళ్లీ లేచాయి. రెండు వైపులా ఒకే కొలబద్ద లేకపోతే ఆ రెండు అంకెలూ కలిసి దిగడం ఎవరికీ కనిపించేది కాదు. మన దేశంలో ఆస్పత్రుల వైపు ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) నిఘా నెట్‌వర్క్ 2013 నుంచి ఉంది, పశువులు చేపల వైపు ఐసీఏఆర్ (వ్యవసాయ పరిశోధన మండలి) ఆధ్వర్యంలో ఇన్‌ఫార్ అనే నెట్‌వర్క్ ఉంది. కోళ్లకీ రొయ్యలకీ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019 జులైలో ఆపేశారు. ఆపాక ఏం జరిగిందో ఇప్పుడు రెండు వైపుల నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంటిపని రెండు.

ఒకటి: ఎనిమిది ఈ-కొలైల మీద సిప్రోఫ్లాక్సాసిన్ జోన్లు ఇవి: 27, 22, 18, 24, 21, 15, 30, 20. పాత గీతలతో ఒకసారి, 2019 గీతలతో ఒకసారి 'ఎస్', 'ఐ', 'ఆర్' వేయండి. రెండుసార్లూ 'ఆర్' ఎన్ని వచ్చాయో పక్కపక్కన రాయండి.

రెండు: మీ పట్టిక గీయండి. తేదీ, కంట్రోల్ జోన్, మూలం, కొట్టు, ఫారం, మందు పేరు, మిల్లీమీటర్లు. తర్వాత ఆదివారం కోడి కొనేటప్పుడు, రద్దీ తగ్గాక, ఆ కొట్టాయన్ని ఒక్క ప్రశ్న అడగండి: ఇవి ఏ ఫారం నుంచి వచ్చాయని. ఆయన చెప్పింది చెప్పినట్టు ఆయన మాటల్లోనే 'ఫారం' గడిలో రాయండి. తెలియదంటే 'తెలియదు' అని రాయండి. గడి ఖాళీగా వదలొద్దు. నాలుగో పాఠంలో గెడ్డ నీళ్ల దగ్గరికి వెళ్దాం.