ఇంట్లోనే ఫిజియోథెరపీ – 3వ భాగం: మోచేయి బయటివైపు నొప్పి

పోయినసారి మోకాళ్లు చూశాం, ఇప్పుడు మోచేయి. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు, చేన్లలో పత్తి ఏరేవాళ్లు, రోజూ బకెట్ల కొద్దీ బట్టలు పిండే అక్కలు, అందరూ చెప్పేది ఒకే మాట: "నరం పట్టింది." పట్టింది నరం కాదు. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేయి బయటి బొడిపె దగ్గర టెండాన్ అనే గట్టి తాడులాంటి దానితో ఎముకకు అతుక్కుని ఉంటాయి, ఆ టెండాన్ పోగులే దెబ్బతింటాయి. దీని పేరు టెన్నిస్ ఎల్బో. ఎక్కువగా 40 దాటినవాళ్లకు వస్తుంది.

అరచేయి కిందికి ఉంచి నీళ్ల చెంబు పట్టి లేపండి. బొడిపె దగ్గర చురుక్కుమంటే చాలావరకు ఇదే. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా, పడ్డాక మోచేయి చాపలేకపోతున్నా, వాపుతో జ్వరం ఉన్నా ఈ పాఠం ఆపి డాక్టర్‌కు చూపించుకోండి.

మా అమ్మకు వచ్చినప్పుడు నేను నెలరోజులు చేయి కదపనివ్వలేదు. తప్పు చేశాను. పని పెట్టకపోతే టెండాన్ ఇంకా బలహీనపడుతుంది, కొలిచి పని పెడితేనే కోలుకుంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది కానీ, ఏడాది తర్వాత చూస్తే అది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది, అందుకే తొందరపడొద్దంటాను.

మొదటి వారం: ముంజేయి బల్ల మీద, అరచేయి కిందికి, మణికట్టు అంచు బయట. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మణికట్టు తిన్నగా 30 నుంచి 45 సెకన్లు ఆపండి. మధ్యలో రెండు నిమిషాలు ఆగుతూ ఐదుసార్లు.

రెండో వారం నుంచి: అదే సీసాను రెండో చేత్తో పైకి లేపి, నొప్పి ఉన్న చేత్తో మాత్రమే నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించండి. పదిహేను చొప్పున మూడుసార్లు, రోజూ. అసలు పని ఈ దించడంలోనే ఉంది, హడావుడిగా పడేస్తే ఏం లాభం ఉండదు.

భరించలేని నొప్పిని పది అనుకుంటే, చేసేటప్పుడు మూడు, నాలుగు దాకా నొప్పి ఉంటే పర్లేదు. మర్నాడు పొద్దున్నకీ తగ్గకపోతే సీసాలో నీళ్లు సగం తీసేయండి. ఇది 6 నుంచి 12 వారాల పని. ఈలోగా సంచి ఎత్తినా, గిన్నె దించినా అరచేయి పైకి ఉండాలి, బట్టలు పిండే పని ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి.