మెష్ నెట్‌వర్క్‌లో బలహీన లింకులు: గుర్తించడం, బాగుచేయడం, తెంచడం

మెష్ నెట్‌వర్క్ (అనేక రూటర్లు, అంటే నోడ్లు, వైఫై లింకులతో ఒకదానికొకటి కలిసి ఇంటర్నెట్‌ను అందించే ఏర్పాటు) నెమ్మదించినప్పుడు చాలామందికి మొదట తోచే ఉపాయం మరొక నోడ్ తెచ్చి పెట్టడం. నేను నిర్వహణ చూసే ఒక విద్యార్థి వసతిగృహ ప్రాంగణంలోనూ అదే జరిగింది. ఆరు రూటర్లు తొమ్మిదయ్యాయి, అయినా రాత్రి ఎనిమిది దాటితే వేగం ఇంకా పడిపోయేది. రెండు లింకులను తెంచి, ఒకదాన్ని బాగుచేశాకే పరిస్థితి కుదుటపడింది. ఆ పనిని ఏ క్రమంలో చేయాలో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ మీద 802.11ఎస్ (వైఫై ప్రమాణంలోని మెష్ పద్ధతి) మెష్ నడుపుతున్నవారిని దృష్టిలో ఉంచుకొని వివరిస్తాను. బ్యాట్‌మన్ అనే మరో మెష్ రూటింగ్ పద్ధతి వాడేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

బలహీన లింకు వల్ల కలిగే నష్టం దాని రెండు చివరల దగ్గరే ఆగిపోదన్న సంగతి ముందుగా గ్రహించాలి. మెష్‌లోని నోడ్లన్నీ సాధారణంగా ఒకే ఛానల్‌పై ఉంటాయి కాబట్టి, ఒకటి మాట్లాడుతున్నంతసేపు దాని మాట వినబడే దూరంలో ఉన్న మిగతావన్నీ ఆగి ఉండాలి. 1500 బైట్ల ప్యాకెట్ 54 ఎంబీపీఎస్ వేగంతో వెళితే, ఇతర అదనపు ఖర్చులను పక్కన పెడితే, 0.22 మిల్లీసెకన్లు పడుతుంది. అదే ప్యాకెట్ 1 ఎంబీపీఎస్‌తో వెళితే 12 మిల్లీసెకన్లు పడుతుంది. పైగా బలహీన లింకుపై ప్యాకెట్లు తరచుగా తప్పిపోతాయి కనుక, అంతే సమయాన్ని తింటూ వాటిని మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది. అంటే ప్రాంగణంలో ఒక మూల నత్తనడక నడిచే ఒక్క లింకు, దానితో ఏ సంబంధమూ లేని గదుల్లోని విద్యార్థుల సమయాన్ని కూడా తినేస్తుంది.

కాబట్టి మొదటి పని కొలవడం. ప్రతి నోడ్‌లోకి లాగిన్ అయి, ‘ఐడబ్ల్యూ’ ఆదేశంతో మెష్ ఇంటర్‌ఫేస్ తాలూకు ‘స్టేషన్ డంప్’ తీసుకుంటే, ఆ నోడ్‌కు ఉన్న ప్రతి పొరుగు నోడ్ సిగ్నల్, పంపే వేగం, అందుకునే వేగం, మళ్లీ పంపిన ప్యాకెట్ల సంఖ్య, పూర్తిగా విఫలమైన ప్యాకెట్ల సంఖ్య కనిపిస్తాయి. ఒకసారి చూసి నిర్ణయానికి రాకూడదు. ఉదయం, మధ్యాహ్నం, రద్దీగా ఉండే రాత్రివేళ చొప్పున కనీసం రెండు రోజులు నమోదు చేయాలి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, అది సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మెరుగు. నా అనుభవంలో మైనస్ 65 డీబీఎం కంటే మెరుగైన లింకు జోలికి పోనవసరం లేదు, మైనస్ 75 దాటి క్షీణించినదాన్ని అనుమానించాలి, మైనస్ 80 దాటినది ఉన్నా లేనట్టే లెక్క. అయితే సిగ్నల్ ఒక్కటే చాలదు. చుట్టుపక్కల వైఫైల రొద ఎక్కువగా ఉన్నచోట మైనస్ 68 కూడా పనికిరాకుండా పోవచ్చు. అందుకే మళ్లీ పంపిన ప్యాకెట్ల సంఖ్య ఎంత త్వరగా పెరుగుతోందన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అదే లింకును రెండు చివరల నుంచీ చూడటం తప్పనిసరి. ఒకవైపు నుంచి చక్కగా, రెండోవైపు నుంచి అధ్వానంగా ఉండే లింకులు చాలా ఉంటాయి. ప్యాకెట్ అందినా, అందిందని చెప్పే జవాబు వెనక్కి రాకపోతే పంపినవాడి దృష్టిలో అది పోయినట్టే. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు తమ రూఫ్‌నెట్ అనే వైర్‌లెస్ మెష్ ప్రయోగాల కాలంలో, 2003లో ప్రతిపాదించిన ఈటీఎక్స్ అనే కొలమానం ఈ సంగతినే లెక్కలోకి తెస్తుంది: రెండు దిశల్లో ప్యాకెట్ అందే సంభావ్యతలను గుణించి, ఒకటిని ఆ ఫలితంతో భాగిస్తే, ఒక ప్యాకెట్ క్షేమంగా చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో తెలుస్తుంది. వెళ్లేటప్పుడు 0.8, వచ్చేటప్పుడు 0.5 ఉన్న లింకుకు ఈ విలువ 2.5. రెండు దిశల్లోనూ 0.95 ఉన్న రెండు మంచి లింకుల మీదుగా చుట్టు తిరిగి వెళ్లినా మొత్తం 2.2 మాత్రమే. దగ్గరి దారి అనిపించే బలహీన లింకు కంటే చుట్టుదారే మేలని ఈ చిన్న లెక్కే చెబుతుంది. ఈటీఎక్స్ వేగాన్ని పట్టించుకోదు, 802.11ఎస్‌లోని ఎయిర్‌టైమ్ కొలమానం వేగాన్నీ తప్పులనూ కలిపి చూస్తుంది.

అంత తెలివైన కొలమానం ఉన్నప్పుడు మనం కల్పించుకోవడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. రూటింగ్ సందేశాలు చిన్నవి, వాటిని బ్రాడ్‌కాస్ట్‌గా (అందరికీ ఒకేసారి) అతి తక్కువ వేగంతో పంపుతారు కనుక చాలా దూరం వినిపిస్తాయి. అసలు డేటా పెద్ద ప్యాకెట్లలో, ఎక్కువ వేగంతో వెళ్లాలి. అది అంత దూరం చేరదు. దీనివల్ల, ముఖ్యంగా బ్యాట్‌మన్ నాలుగో రూపంలాగా ఆ సందేశాల రాకను బట్టే దారిని ఎంచుకునే పద్ధతుల్లో, పనికిరాని లింకు కూడా మంచి దారిలా కనిపిస్తుంది. పైగా సరిహద్దులో ఉన్న లింకు నిమిషానికోసారి మెరుగుపడి, క్షీణిస్తూ ఉంటే దారి కూడా అటూ ఇటూ మారుతూ, మాట్లాడుతున్న వీడియో కాల్ మధ్యలో తెగిపోతుంది.

కొలతలు చేతికొచ్చాక కాగితంపై నోడ్లను చుక్కలుగా, లింకులను గీతలుగా గీసి, బలహీనమైనవాటికి వేరే రంగు వేయండి. ఆ గీతను తీసేస్తే ఏదైనా నోడ్ గానీ, నోడ్ల గుంపు గానీ ఒంటరి అవుతుందా? అవుతుందంటే ఆ లింకును తెంచకూడదు, బాగుచేయాలి. దాని రెండు చివరలనూ కలిపే మంచి దారి మరొకటి ఉంటే నిశ్చింతగా తెంచవచ్చు.

బాగుచేయడంలో నేను మొదట చూసేది యాంటెన్నాల కనెక్టర్లను. స్టేషన్ డంప్‌లో సిగ్నల్ పక్కన బ్రాకెట్లలో ఒక్కొక్క యాంటెన్నా విలువ విడివిడిగా వస్తుంది. ఒకటి మైనస్ 62, మరొకటి మైనస్ 78 అని ఉంటే యాంటెన్నా వదులైందనో, కనెక్టర్‌లోకి వాననీరు చేరిందనో అనుమానించాలి. మా దగ్గర బాగుపడిన ఆ ఒక్క లింకు తొలకరి తర్వాత ఇలాగే చెడిపోయింది. కనెక్టర్ మార్చి, నీరు చొరకుండా టేపు చుట్టడంతో సరిపోయింది. ఆ తర్వాత అడ్డంకులను చూడాలి. డాబా మీది నీళ్ల ట్యాంకు, రేకుల కప్పు, ఆకులతో నిండిన వేపచెట్టు సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి. రెండు నోడ్లు ఒకదానికొకటి కంటికి కనిపిస్తే చాలదు, ఆ చూపురేఖ చుట్టూ కొంత ఖాళీ కూడా ఉండాలి: 400 మీటర్ల లింకుకు 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర నడిమధ్యన ఆ వలయం వ్యాసార్థం సుమారు 2.3 మీటర్లు, అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. యాంటెన్నాను ఒక మీటరు ఎత్తు పెంచడం చాలాసార్లు కొత్త రూటర్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఒక చివర మాత్రమే పవర్ పెంచకండి; ఆ నోడ్ మాట దూరం వరకు వినిపిస్తుంది గానీ అది దూరం నుంచి వినలేదు, పైగా మిగతా నోడ్లకు రొద పెంచుతుంది. ఈథర్‌నెట్ తీగ లాగే వీలున్నచోట మరో ఆలోచన లేకుండా తీగ లాగండి.

తెంచదలచిన లింకును ముందు తాత్కాలికంగా తెంచి చూడాలి. ఐడబ్ల్యూ ఆదేశంలోని ‘స్టేషన్ సెట్’కు ఆ పొరుగు నోడ్ మ్యాక్ చిరునామా (పరికరపు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఇచ్చి, ‘పీలింక్ యాక్షన్ బ్లాక్’ అంటే ఆ ఒక్క లింకు మూసుకుంటుంది. ‘ఓపెన్’ అంటే తిరిగి తెరుచుకుంటుంది. రూటర్‌ను ఆపి మళ్లీ వెలిగిస్తే ఈ మార్పు చెరిగిపోతుంది కనుక భయపడనవసరం లేదు. ఒక రాత్రి అలాగే ఉంచి, ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే సాధనంతో నోడ్ నుంచి నోడ్‌కు కొలిచి, ఫలితం బాగుంటే శాశ్వత మార్పుకు వెళ్లవచ్చు.

శాశ్వతంగా చేయడానికి మెష్ సెట్టింగుల్లో ‘మెష్ ఆర్ఎస్ఎస్ఐ త్రెషోల్డ్’ (అందే సిగ్నల్ బలానికి కనీస హద్దు) ఉంది. మామూలుగా అది సున్నా, అంటే హద్దు లేదు. మైనస్ 75 అని పెడితే అంతకంటే బలహీనంగా వినిపించే నోడ్‌తో కొత్తగా లింకు కలవదు. ఇప్పటికే కలిసి ఉన్న లింకును ఈ హద్దు తెంచదు, అందుకే సెట్టింగు మార్చాక మెష్ ఇంటర్‌ఫేస్‌ను రీస్టార్ట్ చేయాలి. మొదట మైనస్ 80తో మొదలుపెట్టి, రెండేసి డీబీ చొప్పున బిగించుకుంటూ రావడం క్షేమం. బ్యాట్‌మన్ వాడేవారు ‘ఎంకాస్ట్ రేట్’ను (బ్రాడ్‌కాస్ట్ సందేశాలు పంపే వేగాన్ని) 12 ఎంబీపీఎస్‌కు పెంచితే రూటింగ్ సందేశాలు కూడా దూరం చేరవు, దాంతో బలహీన దారులు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో పాత 802.11బి వేగాలను కూడా ఆపేయాలి. అయితే ప్రాథమిక వేగాల జాబితా అన్ని నోడ్లలో ఒకేలా లేకపోతే అసలు లింకే కలవదు.

ఈ మార్పులను ఇంటర్నెట్ వచ్చే నోడ్ నుంచి కాక, అన్నిటికంటే దూరంగా ఉన్న నోడ్ నుంచి మొదలుపెట్టాలి. దగ్గరిదాన్ని ముందు మారిస్తే దూరపు నోడ్ తెగిపోయి, దాన్ని మార్చడానికి నిచ్చెన వేసుకొని డాబా ఎక్కవలసి వస్తుంది. ఒకసారికి ఒకే మార్పు చేసి, తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఆకురాలినప్పుడు తీసిన కొలతలు చెట్టు మళ్లీ చిగురించాక నిలవవు కనుక, ఏడాదికి కనీసం రెండుసార్లు అదే పట్టికను మళ్లీ నింపి, పాత కాగితం పక్కన పెట్టి చూడాలి.